బ్రహ్మానందం బొమ్మతో ముగిసిన చర్చ

మొన్న సెప్టెంబర్‌లో మా సంఘం తెలుగు బడి గురించి వాట్సాప్ గ్రూపులో చర్చ మొదలైంది. ఆదివారం క్లాసులకు గదులిచ్చే స్కూలు వాళ్లు అద్దె పెంచారు. పక్క ఊళ్లో లైబ్రరీ గది ఉచితంగానే దొరుకుతుంది గానీ, సగం మందికి ఇంకో ఇరవై నిమిషాల డ్రైవ్. ఆరేళ్లుగా పిల్లలతో గుణింతాలు దిద్దిస్తున్న టీచరమ్మ ఒకావిడ రాత్రి పొద్దుపోయాక కూర్చుని నాలుగు పేరాల మెసేజ్ పెట్టారు. అద్దె ఎంత, దానికి ఫీజు ఎంత పెంచాలి, దూరమైతే ముందుగా మానేసే పిల్లలెవరు, అన్నీ వివరంగా రాశారు. చివర్లో ‘నాకూ ఇంకా ఎటూ తేలలేదు, మీరేమంటారు?’ అని అడిగారు.

నాలుగు నిమిషాలు తిరక్కుండా ఒకాయన బ్రహ్మానందం స్టిక్కర్ పెట్టాడు. కళ్లు చిట్లించి, మూతి ఓ పక్కకు తిప్పి, ‘ఇంకా ఎంతసేపమ్మా ఈ సోది’ అన్నట్టు చూసే ముఖం. కింద ఒక్క మాట లేదు. దాని మీద నవ్వుల ఇమోజీలు వరసగా పడ్డాయి. ఇంకొకరు ఇంకో బ్రహ్మానందాన్ని దించారు. తెల్లారేసరికి ఆ నాలుగు పేరాలూ ఎక్కడికో పైకి వెళ్లిపోయాయి. ఆవిడ మళ్లీ నోరెత్తలేదు.

నేనూ నవ్వాను, దాచడమెందుకు. ఆ ముఖం చూసి నవ్వని తెలుగువాళ్లుంటారా?

సినిమాల్లోకి రాకముందు బ్రహ్మానందం అత్తిలిలో తెలుగు లెక్చరర్. పిల్లలకు తెలుగు పాఠం చెప్పిన మనిషి ముఖమే ఇవాళ మనకు తెలుగు వాక్యం రాసే శ్రమ తప్పిస్తోంది. ఇందులో ఆయన తప్పేం లేదు. తెర మీద ఆ చూపు పండాలంటే ముందు కాస్త కథ నడవాలి. ఎవడో బురిడీ కొట్టించాలి, ఈయన నమ్మాలి, తర్వాత తెలియాలి, అప్పుడు ఆ చూపు. మనం కథ పారేసి ముఖం మాత్రం కత్తిరించి పెట్టుకున్నాం. కత్తిరించిన ముఖాన్ని ఎవరి మీదికైనా విసరొచ్చు. ‘టీచర్‌గారూ, మీ లెక్క తప్పు’ అంటే ఎక్కడ తప్పిందో చూపించాల్సి వస్తుంది. స్టిక్కర్‌కు ఆ బాధ లేదు. నిలదీస్తే ‘అబ్బే, సరదాకి పెట్టానండీ’ అంటే సరిపోతుంది.

బొమ్మల మీద నాకు కక్షేమీ లేదు. చందమామతో చదవడం నేర్చుకున్న తరం నాది. వడ్డాది పాపయ్య వేసిన అట్టలు, శంకర్ గీసిన విక్రమార్కుడు, ఆ భుజం మీద శవం ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. కానీ ఆ బొమ్మ దగ్గరే ఆగిపోయేవాళ్లం కాదు. బేతాళుడు ఏం ప్రశ్న వేశాడో తెలియాలి కదా! ఆ పత్రికలోనే ఫోటో వ్యాఖ్యల పోటీ ఉండేది. రెండు ఫోటోలు ఇచ్చేవారు. రెంటికీ పొంతన కుదిరేలా చెరో చిన్న వ్యాఖ్య ఆలోచించి, కార్డు మీద రాసి పంపాలి. మా అన్నయ్య, నేను ఆ కార్డు కోసం కొట్టుకున్న రోజులున్నాయి. బహుమతి మాత్రం ఒక్కసారీ రాలేదు. పిల్లి ఫోటో కింద ‘పిల్లి’ అని రాస్తే ఎవరిస్తారు? ఫోటోలో లేనిదేదో మాట తేవాలి.

ఇప్పుడు మా సంఘం ఫ్లయర్లు చూడండి. మొన్నటి ఉగాదికి స్పాన్సర్ల లోగోలు, ముఖ్య అతిథి నిలువెత్తు ఫోటో, క్యూఆర్ కోడ్ పోగా తెలుగుకు మిగిలింది ఒక్క లైను. అందులోనూ ‘శుభాకాంక్షలు’లో క్షకారం రెండు ముక్కలైంది. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర వాళ్లు పెద్దన, తిమ్మన, ధూర్జటి పేర్లతో ఉచితంగా ఫాంట్లు ఇచ్చి పన్నెండేళ్లు దాటింది. అష్టదిగ్గజాలు ఫ్లయర్ మీదికి రావడానికి సిద్ధంగానే ఉన్నారు, పిలిచేవాళ్లే లేరు. సరే, ఇది చిన్న విషయం.

చిన్నది కానిది ఇంకొకటి ఉంది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు విరాళాల కోసం ఒక ఫ్లయర్ చేశాం. నడుంలోతు నీళ్లలో ఒక ముసలమ్మ, తలమీద గిన్నె, పక్కన డబ్బు పంపడానికి కోడ్. అనుకున్నదానికంటే తొందరగా డబ్బులొచ్చాయి. రెండు పేజీల ఉత్తరం రాసి ఉంటే అంత తొందరగా వచ్చేవి కావు, అది ఒప్పుకోవాల్సిందే. వారం తర్వాత ఎవరికో అనుమానమొచ్చి వెతికితే, ఆ ఫోటో వేరే రాష్ట్రంలో ఎన్నో ఏళ్ల కిందటి వరదదని తేలింది. ఎవరో పంపితే ఎవరో పెట్టారు, ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. డబ్బు చేరాల్సిన చోటికే చేరింది, రసీదులున్నాయి. అదే మాట మెయిల్‌లో రాశాం. అది చూసి ఒక పెద్దావిడ నాకు ఫోన్ చేశారు. ‘రసీదులు సరే బాబూ, నేను ఆవిడ ముఖం చూసి ఇచ్చాను. ఆవిడకేమైనా అందిందా?’

ఏం చెప్పను?

బొమ్మకు ‘అయితే’ అనడం రాదు. ‘ఒకవేళ’ అనీ, ‘నాకు తెలిసినంతవరకు’ అనీ అనలేదు. ‘ఈ ఫోటో సింగ్ నగర్‌ది కాదు, అయినా అక్కడి పరిస్థితి ఇలాగే ఉంది’ అని చెప్పాలంటే వాక్యమే కావాలి. ఆ ఒక్క వాక్యం రాసి, కింద మా పేర్లు పెట్టి ఉంటే డబ్బు కొంత తగ్గేదేమో, ఆ ఫోన్ మాత్రం వచ్చేది కాదు. టీచరమ్మ మెసేజ్ నిండా ఉన్నవి ఈ ‘అయితే’లే. అందుకే అది పొడుగైంది, అందుకే స్టిక్కర్‌కు లొంగిపోయింది.

అందుకని ఎడిటర్‌గా నాకున్న కాస్త అధికారం వాడుకుంటున్నాను. ఆవిడ నాలుగు పేరాలూ, అద్దె లెక్కతో సహా, ఈ సంచికలోనే అచ్చువేస్తున్నాం. అవి చదివి జనరల్ బాడీ మీటింగ్‌కు రండి. స్టిక్కర్ పెట్టినాయనను కూడా జవాబు రాయమని అడిగాను, ఇంకా పంపలేదు. పక్కన వేయడానికి ఫోటో ఏదైనా ఉంటే ఇవ్వమంటే టీచరమ్మ ఒకటి పంపారు. క్లాసు అయిపోయిన గది, ఖాళీ కుర్చీలు, బోర్డు మీద సగం చెరిపిన ‘ఋ’. దాని కింద వ్యాఖ్య నేను రాయడం లేదు, మీరు రాసి పంపండి. కార్డు అక్కర్లేదు, మెయిల్ చాలు. స్టిక్కర్లు తీసుకోబడవు.