అమ్మ పేరుకి ఇరవై ఏళ్ల మైల

పొద్దున్నే కాఫీ కలుపుకుంటుంటే సీఏ గారి మెసేజ్: "మేడం, రెండు పేర్లూ రిజెక్ట్." అంతే. కొత్త కంపెనీ పేరు కోసం వెయ్యి రూపాయల ఫీజు కట్టి, రెండు పేర్లు ఇచ్చి, పది రోజులు ఎదురుచూస్తే రెండూ గోవిందా.

మా కారప్పొడి వ్యాపారాన్ని ప్రైవేట్ లిమిటెడ్ చేద్దామని, అమ్మ పేరు పెట్టుకుందామని చిన్న ఆశ. నాగరత్నం ఫుడ్స్. అది రాకపోతే గుంటూరు నాగరత్నం ఫుడ్స్. నవ్వకండి, ముందు ఊరి పేరు తగిలిస్తే వేరే పేరైపోతుందనే అనుకున్నాం. కాదట. ఊరు చేర్చినా, అంకె చేర్చినా, చివర ఒక ఎస్ పెట్టి బహువచనం చేసినా, స్పెల్లింగ్ తిప్పినా పాత పేరు కిందే లెక్కట.

స్పెల్లింగ్ అంటే గుర్తొచ్చింది, మా తమ్ముడు న్యూమరాలజీ ఆయనకి 1,116 దక్షిణ ఇచ్చి మరీ రెండు 'ఏ'లు ఎక్కువ పెట్టించుకొచ్చాడు. గ్రహాలన్నీ ఒప్పుకున్నాయి, రూలు ఒప్పుకోలేదు.

ఇంతకీ ఆ పేరు ఎవరిదనుకున్నారు? ఎప్పుడో మూతపడిన ఏదో కంపెనీది. రిజిస్టర్‌లోంచి కొట్టేశారు కూడా. అలా కొట్టేసినట్టు గెజిట్‌లో వేశాక 20 ఏళ్ల దాకా ఆ పేరు ఇంకెవరికీ ఇవ్వరట! మనిషి పోతే పన్నెండో రోజుకి పెద్దకర్మ అయిపోతుంది, కంపెనీ పోతే ఇరవై ఏళ్ల మైల. మా అరండల్‌పేటలో ఒకే వెంకటేశ్వరస్వామి పేరు మీద టిఫిన్ సెంటరు, జిరాక్స్ షాపు, చెప్పుల కొట్టు నడుస్తున్నాయి, ఆయనేం అబ్జెక్షన్ పెట్టలేదు మరి.

సరే, ఇదంతా భరించొచ్చు. అసలు ఒళ్లు మండింది తర్వాత. తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, ఎందుకీ టెన్షన్, నాన్న కొట్టు పేరే పెట్టేద్దాం, అండ్ సన్స్ ఫుడ్స్ అని" అంటాడా!

అండ్ సన్స్. ఉన్నది ఒక్క కొడుకు. ఏకవచనానికీ బహువచనానికీ తేడా లేదని రూలే చెప్తోందిగా, వీడికి బాగా కలిసొచ్చింది.

పదకొండేళ్లు ఆ కొట్లో చిట్టా రాసింది నేను. మిర్చి యార్డు నుంచి తేజ రకం కాయలు దిగితే ఆడకూలీలతో పాటు కూర్చుని తొడిమలు తీసింది అమ్మ. రాత్రి చేతులు మంటెక్కి కొబ్బరినూనె రాసుకుని, అన్నం కలుపుకోలేక చెంచాతో తినేది. బోర్డు మీద మాత్రం నాన్న పేరు, పక్కన సన్స్. ఆ బోర్డు రాయించినప్పుడు వీడు ఆరో తరగతి, మిరపకాయ ముట్టుకుంటే ఏడ్చేవాడు.

కాబట్టి మళ్లీ అమ్మ పేరే పెడుతున్నాను, ఈసారి ఇంటిపేరు కూడా కలిపి. అది కూడా ఎవరో పట్టుకుపోయి ఉంటే అమ్మమ్మ పేరు. ఆఫీసు బయట బోర్డు మీద కంపెనీ పేరు ఇక్కడి లిపిలోనూ ఉండాలని చట్టమే చెప్తోంది కదా, పెయింటర్‌ని పిలిచి తెలుగులో ఇంత లావు అక్షరాలతో రాయిస్తా.

తమ్ముడూ, చదువుతున్నావని తెలుసు. ఆ 1,116 కంపెనీ ఖర్చులో రాయను.