‘లోపల’ ఉద్యోగం

మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తు బాబాయి గారు 1962లో పుట్టారు. హాలీవుడ్ నటుడు టామ్ క్రూజ్ పుట్టిందీ 1962లోనే. పోలిక అంతటితో సరి. ఆ పెద్దమనిషి అరవై దాటాక దక్షిణాఫ్రికా ఆకాశంలో, ఎగిరే విమానం రెక్క పట్టుకుని వేలాడాడు. మా పెద్దమనిషి లిఫ్టు చెడిపోయిన రోజున రెండో అంతస్తు మెట్ల మీద కూర్చుని, ఎవరైనా వస్తే చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు నటిస్తారు.

నటనలో మాత్రం మా బాబాయి గారే మేలని ఈ వ్యాసకర్త నిశ్చితాభిప్రాయం. ఇది దేశభద్రతకు సంబంధించిన విషయం కనక పాఠకులు కాస్త నవ్వు ఆపుకుని చదవాలి.

బాబాయి గారు మా విశాఖ డాక్‌యార్డ్‌లో చేసి రిటైరయ్యారు. మేం అలా అనుకుంటున్నాం. “ఎక్కడ చేసేవారండీ?” అంటే “లోపల” అంటారు. “ఓడల మీదా, ఒడ్డు మీదా?” అంటే “రెండూనూ” అంటారు. “ఏం పనండీ?” అంటే “పనికేటి బాబూ, ఏదో ఒకటి ఉండేది” అని, క్యాంటీన్‌కి కొత్త సరుకు ఏమైనా వచ్చిందా అని మన్నే అడుగుతారు. పిన్ని గారు ముప్పై అయిదేళ్లు అడిగారట, రాత్రి పదకొండింటికి రావడమేమిటని. ముప్పై అయిదేళ్లూ ఒకటే డైలాగు. లోపల పని. డూప్ లేదు, రీటేకూ లేదు.

ఒక్క అలవాటు ఆయన్ని పట్టిస్తుంది. చేతికి ఏ కాగితం వచ్చినా, పని అయిపోగానే నిలువుగా చింపి, అడ్డంగా చింపి, నూకల సైజుకి తెచ్చి, సగం వంటింటి బుట్టలో, సగం మెట్ల కింద డబ్బాలో వేస్తారు. కరెంటు బిల్లు, శుభలేఖ, కిరాణా చీటీ, దేనికీ మినహాయింపు లేదు. పట్టుచీర మార్చుకుందామంటే బిల్లు లేక పిన్ని గారు ఒకసారి వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన దాన్ని శిక్షగా భావించిన దాఖలాలు లేవు.

ఇలాంటి మనిషిని టామ్ క్రూజ్ గూఢచారిగా చేసిన మిషన్ ఇంపాసిబుల్ సినిమా ఎనిమిదో భాగానికి తీసుకెళ్లడం నా తప్పే. 2025 మే 17న మన దేశంలో విడుదలైంది, అమెరికాలో 23న. గూఢచారి సంగతి సొంత దేశానికి ఆరు రోజులు ఆలస్యంగా తెలియడం... ఆ సినిమా మొత్తంలో నాకు కనిపించిన గోప్యత అదొక్కటే.

బీపీ వల్ల ఆయనకి ఉప్పు, నూనె, సినిమాహాలు మూడూ బంద్. డాక్టరు రోజూ నడవమన్నాడు. అందుకని “అలా బీచ్ వైపు నడిచొస్తాం” అని పిన్ని గారికి చెప్పి బయటపడ్డాం. సినిమా 2 గంటల 50 నిమిషాలు. అంతసేపు నిజంగానే నడిస్తే రుషికొండ వచ్చేస్తుంది. హాల్లో కూర్చున్నాక అలవాటు కొద్దీ టికెట్ల ఫోటో ఒకటి తీసుకున్నాను.

మా వెనక వరసలో ఒక కుర్రాడు. తెర మీద ఏం జరగబోతోందో వాడికి ముందే తెలుసు. “ఇక్కడ పారాచూట్‌కి నిప్పంటించుకుని దూకుతాడ్రా, నిజంగానే, 16 సార్లు దూకాడు, గిన్నెస్ రికార్డు!” నిజమే, గిన్నెస్ వాళ్లు ఇచ్చారు. కానీ బాబాయి గారి మొహం చూస్తే నాకూ ఒక అనుమానం పట్టుకుంది. ఎన్నిసార్లు దూకాడో లెక్కపెట్టి సర్టిఫికెట్ చేతికిచ్చాక ఆ గూఢచారిని ఏ దేశం పనిలో పెట్టుకుంటుంది?

న్యాయంగా చెప్పాలంటే ఈ సినిమాల కుటుంబం మొదట్లో ఇలా ఉండేది కాదు. 1996లో వచ్చిన మొదటి భాగంలో హీరో పైకప్పు నుంచి తాడు మీద ఒక గదిలోకి దిగుతాడు. చప్పుడైతే అలారం, గది వేడెక్కితే అలారం, నేలకి ఏదైనా తగిలితే అలారం. కళ్లద్దాల మీద నుంచి ఒక చెమట చుక్క జారుతుంటే అరచేత్తో పట్టుకుంటాడు. హాలంతా ఊపిరి బిగబట్టిందంటే ఆ ఒక్క చుక్క కోసం! అక్కణ్నుంచి కథ ఎటు పోయిందో చూడండి. 2011లో 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా అద్దాల మీద పాకాడు. 2015లో గాల్లోకి లేస్తున్న మిలిటరీ విమానం తలుపుకి బల్లిలా అతుక్కున్నాడు. 2017లో లండన్‌లో ఒక మేడ మీద నుంచి ఇంకో మేడ మీదకి దూకబోయి చీలమండ విరగ్గొట్టుకుని, ఆ విరిగిన కాలుతోనే కుంటుతూ షాట్ పూర్తి చేశాడు. ఆ షాట్ సినిమాలో ఉంచారు కూడా. ఏడో భాగంలో నార్వే కొండ అంచు నుంచి మోటారుసైకిల్‌తో సహా దూకాడు. ఆ దూకుడెలా తీశారో చూపించే వీడియో సినిమా కంటే నెలల ముందే వచ్చేసింది. గూఢచారి సంగతి దేవుడెరుగు, ఆయన ప్రచార విభాగం నోట్లో నువ్వుగింజ నానదు.

దీనివల్ల ఒక విచిత్రం జరిగింది. హాల్లో ఎవరూ సినిమాలో గూఢచారి ఈథన్ హంట్ గురించి భయపడరు. టామ్ క్రూజ్ గారికి ఏమవుతుందోనని భయపడతారు. ఆయనకి ఏమీ కాలేదని కూడా తెలుసు. ఆయన అప్పటికే కాన్స్ చిత్రోత్సవంలో సూటు వేసుకుని నవ్వుతున్న ఫోటోలు చూసే వచ్చాం కదా. అయినా భయపడి, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, చప్పట్లు కొట్టి, టికెట్టు డబ్బులు గిట్టాయంటాం. నేనూ కొట్టాను. విమానం సీనుకి నా అరచేతులు తడిసిపోయాయి, ఒప్పుకోవాలి.

అసలు గొడవ సబ్‌మెరైన్ దగ్గర వచ్చింది. మంచు సముద్రం అడుగున ఒక రష్యన్ సబ్‌మెరైన్ మునిగి ఉంటుంది. హీరో ఒంటరిగా అందులోకి వెళతాడు. అది దొర్లడం మొదలుపెడుతుంది. టార్పెడోలు పడుతూ లేస్తూ ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఉంటాయి. అప్పటిదాకా పాప్‌కార్న్ గింజ గింజా నములుతున్న బాబాయి గారు ఆగిపోయారు. టెన్షన్ అనుకున్నాను. నా చెవి దగ్గరకొచ్చి, “ఇంత చప్పుడేటి బాబూ? చెంచా కింద పడినా అవతలోడికి వినపడిపోద్ది” అన్నారు. వెంటనే నాలిక్కరుచుకుని, “అని ఎవరో అంటే విన్నాను” అని కలిపారు.

విశాఖలో సబ్‌మెరైన్ అంటే ప్రాణాలకు తెగించి దిగేది కాదు, టికెట్టు కొనుక్కుని ఎక్కేది. ఇంటికి చుట్టాలొస్తే సింహాచలం, కైలాసగిరి, ఆ తరవాత ఆర్‌కే బీచ్‌లో మ్యూజియంగా మారిన కురుసుర సబ్‌మెరైన్. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002 నుంచి ఇసకలో కూర్చుని పిల్లలకి కనువిందు చేస్తోంది. మా బాబాయి గారికంటే ముందు పింఛను తీసుకున్నది అదే. 91 మీటర్ల పొడవున్నా లోపల ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి అతుక్కోవాలి. గది గదికీ మధ్య గుండ్రటి కంత. ముందు కాలు పెట్టాలా తల పెట్టాలా అని ప్రతి ఒక్కరూ ఒక్క క్షణం ఆగుతారు, వెనక క్యూ ఆగిపోతుంది. ముందు గదిలో టార్పెడో గొట్టాల మూతలు కనిపిస్తాయి. గొట్టం వెడల్పు 533 మిల్లీమీటర్లు, అంటే 21 అంగుళాలు. సినిమాలో హీరో అలాంటి గొట్టంలోంచే బయటపడతాడు. అందుకు డైవింగ్ సూటు కూడా విప్పేయాల్సొచ్చింది. నేను లెక్కేశాను. చుట్టుకొలత 66 అంగుళాలు, బాబాయి గారి నడుం 42. ఆయనా పట్టేస్తారు.

కానీ ఆయన లోపలికి రారు. చుట్టాలు చూసొచ్చేదాకా బయట మురీ మిక్చర్ తింటూ నిలబడతారు. ఒక్కసారి బలవంతాన లాక్కెళ్లాం. మా బావమరిది ఏదో పైపు చూపించి పిల్లలకి “ఇదే పెరిస్కోపు” అన్నాడు. బాబాయి గారి కుడి కనుబొమ్మ పైకి లేచింది. నోరు సగం తెరుచుకుంది. మేమంతా అటు చూశాం. కనుబొమ్మ దిగింది, నోరు మూసుకుంది. “గాలాడ్డం లేదు” అని బయటికి వెళ్లిపోయారు. ఎనిమిది భాగాల్లో నేను చూసిన ఏ స్టంటూ దీని ముందు నిలవదు.

ఇది ఈ ఊరి గాలిలోనే ఉంది. ఒక అణు సబ్‌మెరైన్‌ని ఇక్కడే, మన ఊళ్లోనే, ఏళ్ల తరబడి కట్టారు. ప్రాజెక్టు పేరు అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ వెసెల్. పేరులో సబ్‌మెరైన్ అన్న మాటే లేదు. అది కట్టిన వాళ్లు రోజూ మనతో పాటే రైతుబజార్లో వంకాయలు ఏరారు, జగదాంబలో సినిమాలు చూశారు, ఒక్కరూ నోరు విప్పలేదు. 2009 జులై 26న ప్రధాని మన్మోహన్ సింగ్ సతీమణి గురుశరణ్ కౌర్ కొబ్బరికాయ కొట్టాక అది నీళ్లలోకి దిగింది. పత్రికల వాళ్లని ఫోటోలు తియ్యనివ్వలేదు. 2016లో అదే సబ్‌మెరైన్ అరిహంత్ పేరుతో నౌకాదళంలో చేరినప్పుడు ఆ కొబ్బరికాయ పాటి సందడి కూడా లేదు. చేరిపోయిందని తరవాత ఎప్పుడో పేపర్లలో చదువుకున్నాం. మేకింగ్ వీడియో ఇప్పటికీ రాలేదు.

మీరు అందులో పనిచేశారా అని బాబాయి గారిని ఒకసారి సూటిగా అడిగాను. “ఆ కొబ్బరికాయ మంచిదేనా, కుళ్లిందా?” అన్నారు.

సినిమా అయిపోయింది. మెట్లు దిగుతూనే ఆయన టికెట్లు రెండూ నా చేతిలోంచి తీసుకుని, నూకలు చేసి, ఒక గుప్పెడు పార్కింగ్ దగ్గర, ఒక గుప్పెడు మూడు వీధుల అవతల వేశారు. పాప్‌కార్న్ వాసన పోవడానికి సోంపు నమిలారు. చెప్పుల్లోకి కాస్త ఇసక రావాలని పనిగట్టుకుని బీచ్‌లోకి దిగి పది అడుగులు వేశారు. అది నాకు తట్టేది కాదు.

తలుపు తీసిన పిన్ని గారు ఆయన చెప్పుల వైపు చూడనే లేదు. చేతిలో ఫోన్ ముందుకు చాపారు. అందులో నా వాట్సాప్ స్టేటస్. టికెట్లు, పక్కన పాప్‌కార్న్ డబ్బా, దాని మీద బాబాయి గారి ఉంగరం వేలు. కింద నేనే రాసిన మాట: “విత్ మై జేమ్స్ బాండ్.”

ఆయన నన్ను తిట్టలేదు. ఒక్కసారి చూసి లోపలికి వెళ్లిపోయారు. ఆ తరవాత ఒకరోజు మెట్ల మీద కనబడితే, ఎక్కడికండీ అని అడిగాను. చెప్పు పట్టీ సరిచేసుకోవడం మొదలుపెట్టారు.