ఊరి పబ్ గురించి తిరుగుతున్న ఆ సందేశానికి నా జవాబు

నాలుగు రోజుల్లో అదే సందేశం నా ఫోనుకు ఆరుసార్లు వచ్చింది. పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే. ఇంగ్లండ్‌లో మేముంటున్న పల్లెలో మిగిలిన ఒకే ఒక్క పబ్‌ను ఎనిమిది ఫ్లాట్లుగా మార్చడానికి కౌన్సిల్‌కు దరఖాస్తు వెళ్లింది. దాన్ని ఎవరూ వ్యతిరేకించవద్దని, తెలుగువాళ్లు అసలే తలదూర్చవద్దని ఆ సందేశం సారాంశం. ఒక్కొక్కరికీ విడిగా నచ్చజెప్పే ఓపిక నాకు అయిపోయింది.

"పార్కింగ్ ఇబ్బంది తీరుతుంది" అని మొదటి మాట. నక్షాలో ఎనిమిది ఫ్లాట్లకు ఆరు కార్ల చోటే చూపించారు. ఇబ్బంది తీరదు, పెరుగుతుంది.

"ఆస్తి యజమానిది, ఆయన ఇష్టం." కాదు. పబ్‌ను ఇళ్లుగా మార్చాలంటే ప్లానింగ్ అనుమతి కావాలి. 2017 మే 23 నుంచి ఇంగ్లండ్‌లో పబ్‌ను దుకాణంగా మార్చాలన్నా, పడగొట్టాలన్నా అనుమతి ఉండాల్సిందే. లండన్ మైడా వేల్‌లోని కార్ల్‌టన్ టావెర్న్ సంగతి గుర్తుచేసుకోండి. ఫ్లాట్లకు అనుమతి దొరకలేదని 2015లో యజమానులు దాన్ని చెప్పాపెట్టకుండా కూల్చేశారు. వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ ఊరుకోలేదు. ఉన్నది ఉన్నట్టు మళ్లీ కట్టించింది. 2021లో అది తిరిగి తెరుచుకుంది.

"నష్టాల్లో ఉన్నదాన్ని ఎవరు నడుపుతారు?" నష్టాలు నిజమే. అందులో మన తప్పూ ఉంది, ఒప్పుకుంటాను. ఏడాదికి రెండుసార్లు తొంగిచూసి, మూసేస్తారనగానే బాధపడితే ఏ పబ్బూ బతకదు. కానీ వంటగది మూసేసి, వారానికి మూడు సాయంత్రాలే తలుపు తీసినప్పటి లెక్కలు చూపించి ఇక ఇది పనికిరాదంటే నేను ఒప్పుకోను. కంబ్రియాలోని హెస్కెట్ న్యూమార్కెట్ చిన్న పల్లె. అక్కడి ఓల్డ్ క్రౌన్ పబ్‌ను 2003లో జనం వాటాలు వేసుకుని సహకార సంఘంగా కొన్నారు. లండన్ నన్‌హెడ్‌లో ఐవీ హౌస్‌ను 2013లో స్థానికులే కొనుక్కున్నారు. స్థానికులకు ఇలాంటి హక్కులిచ్చిన 2011 నాటి లోకలిజం చట్టం ప్రకారం దాన్ని ముందే ప్రజలకు ఉపయోగపడే ఆస్తిగా నమోదు చేయించడం వాళ్లకు కలిసొచ్చింది. ఆ నమోదు "ఆస్తి లాక్కోవడమే" అని కూడా సందేశంలో ఉంది. శుద్ధ అబద్ధం. యజమాని అమ్మదలచినప్పుడు ఊరివాళ్లు కోరితే, వాళ్లు డబ్బు సమకూర్చుకోవడానికి ఆరు నెలలు ఆగాలి. ఆ తర్వాత ఆయన ఎవరికైనా అమ్ముకోవచ్చు.

"తాగుబోతుల అడ్డా పోతే మనకే మంచిది." ఈ మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. పబ్ అనగానే మన కళ్లముందు మెదిలేది హైదరాబాద్ పబ్బే. నేనూ మొదటి రెండేళ్లు ఆ గుమ్మం తొక్కలేదు. తర్వాత మా అమ్మ ఆరు నెలలు ఉండటానికి వచ్చింది. ఇంగ్లీషు రాదు. పక్కింటి పెద్దావిడ ఒక మంగళవారం మధ్యాహ్నం ఆమెను చేయిపట్టుకుని పబ్‌కు తీసుకెళ్లింది. పొయ్యి పక్కన గుండ్రటి బల్ల చుట్టూ ఆరుగురు ఆడవాళ్లు, మధ్యలో టీ కెటిల్, ఒళ్లో ఊలు ఉండలు. అమ్మ వాళ్లకు తను అల్లే కుట్టు చూపించింది, వాళ్లది నేర్చుకుంది. తిరిగి వెళ్లేదాకా ఒక్క మంగళవారం మానలేదు. ఈ ఊళ్లో హాలు లేదు, దుకాణం లేదు, బస్సు రోజుకు రెండుసార్లు. ఆ బల్ల పోతే వాళ్లు ఇంకెక్కడ కూర్చోవాలి?

ఇక అన్నిటికంటే నన్ను మండించినది చివరి మాట: "వీసా మీద ఉన్నవాళ్లు అభ్యంతరం రాస్తే రేపు ఇబ్బంది పడతారు." ఇది ఎవరు పుట్టించారో గానీ, భయపడేవాళ్లను చూసి పుట్టించారు. ప్లానింగ్ దరఖాస్తు మీద ఎవరైనా అభిప్రాయం రాయవచ్చు. కౌన్సిల్ అడిగేది పేరు, చిరునామా. పాస్‌పోర్టు అడగదు. వీసాలు చూసేది హోం శాఖ, దానికీ దీనికీ సంబంధం లేదు. అసలు భారత పౌరులుగా ఇక్కడ నివసిస్తున్న మనకు, కామన్వెల్త్ దేశంవాళ్లం కాబట్టి, ఈ దేశ ఎన్నికల్లో ఓటు హక్కే ఉంది. ఓటుకు అడ్డురాని వీసా ఒక ఉత్తరానికి అడ్డొస్తుందా? ఇంతకాలం ఇక్కడ పన్నులు కడుతూ, పిల్లల్ని బడికి పంపుతూ, ఊరి విషయంలో నోరు విప్పడానికి వణకాలా? ఆ సందేశం చదివి మా స్నేహితుడొకడు సగం రాసిన ఉత్తరం చెరిపేశాడు. నాకు కోపం అందుకే.

ఒక్క జాగ్రత్త మాత్రం నిజం. మీ పేరు, చిరునామా సాధారణంగా కౌన్సిల్ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తాయి. అది ఇష్టం లేనివాళ్లు రాయకపోతే నేను తప్పుపట్టను. రాసేవాళ్లు మీ ఇంటి ధర గురించో, కిటికీలోంచి కనిపించే దృశ్యం గురించో రాయకండి, వాటిని లెక్కలోకి తీసుకోరు. ఊరికి అవసరమైన వసతులు అనవసరంగా పోకుండా కాపాడాలని జాతీయ ప్లానింగ్ విధానమే చెబుతోంది, అందులో పబ్‌ల పేరూ ఉంది. మీరు ఆ పబ్‌ను దేనికి వాడారో, అది లేకపోతే ఏం పోతుందో రాయండి.

గడువు శుక్రవారం. నేను మంగళవారపు బల్ల గురించి రాసి నిన్ననే పంపాను. చెరిపేసిన ఉత్తరాన్ని ఈ రాత్రి మా స్నేహితుడితో కూర్చుని మళ్లీ రాయిస్తున్నాను.