పెడల్ మెత్తగా ఉందని రెసిడ్యువల్ వాల్వు బిగిస్తే సరిపోదు

పాత జీపులకు డిస్కు బ్రేకులు వేయించుకునేవాళ్ల ఫోన్లలో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "పెడల్ మెత్తగా ఉందా? మాస్టర్ సిలిండర్ దగ్గర 10 పీఎస్ఐ రెసిడ్యువల్ వాల్వు ఒక్కటి బిగించండి. నాలుగు చక్రాలకూ అదే చాలు. బ్రేకు పవరూ పెరుగుతుంది." విజయవాడ ఆటోనగర్‌లో బండి పనికి ఇచ్చే ముందు ఇది ఒకసారి చదవండి.

పవర్ పెరగదు. తొక్కినప్పుడు మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టేది) నుంచి వచ్చే బ్రేకు ఆయిల్‌ను వాల్వు ధారాళంగా వదిలేస్తుంది. పెడల్ వదిలాక మాత్రం లైనులో కాస్త ఒత్తిడి మిగుల్చుతుంది, అంతే. పీఎస్ఐ ఆ ఒత్తిడికి కొలత.

"ఒక్కటే చాలు" అన్నదే అసలు ప్రమాదం. డ్రమ్ము బ్రేకులో, డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకునే షూలను వెనక్కి లాగే స్ప్రింగులు గట్టివి, 10 పీఎస్ఐకి లొంగవు. ఆ ఒత్తిడి, షూలను తోసే వీల్ సిలిండర్‌లోని రబ్బరు కప్పుల అంచులను గోడకు ఆనించి, గాలి దూరకుండా చూస్తుంది. డిస్కును ప్యాడ్లతో పట్టే కాలిపర్‌లో స్ప్రింగే లేదు. పిస్టన్‌ను వెనక్కి తెచ్చేది దాని చుట్టూ ఉన్న రబ్బరు సీలు. 10 పెడితే ప్యాడ్లు డిస్కును వదలవు. మన మే ఎండల్లో బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో అరగంట నడిస్తే చక్రం మధ్యలోని హబ్బు విపరీతంగా వేడెక్కుతుంది. వాల్వు అవసరమైతే డిస్కుకు 2, డ్రమ్ముకు 10, వేర్వేరు లైన్లలో. విల్‌వుడ్ కంపెనీ వాల్వులైతే నీలం రంగుది 2, ఎరుపుది 10.

డ్రమ్ముల కాలపు మాస్టర్ సిలిండర్లు చాలావాటిలో ఈ వాల్వు లోపలే ఉంటుంది. డిస్కులు వేసి ఆ పాత మాస్టర్‌నే ఉంచితే, బయట ఏమీ బిగించకపోయినా బ్రేకులు పట్టేస్తాయి.

ఇక మెత్తదనం. ఎన్నిసార్లు తొక్కినా స్పాంజిలా ఉంటే లైనులో గాలి ఉంది, తీయించండి. రెండో తొక్కుకు గట్టిపడితే డ్రమ్ము షూల అడ్జస్ట్‌మెంటు, వీల్ బేరింగు లూజు చూడండి. బండి కాసేపు ఆగి ఉన్నాక మాత్రమే మొదటి తొక్కు లోతుకు దిగితే, ఆయిల్ వెనక్కి జారుతోందని అనుమానించాలి. విల్లీస్ తరహా జీపుల్లో మాస్టర్ ఫ్లోరు కింద, ఛాసిస్‌కు ఉంటుంది. రిజర్వాయర్‌లో ఆయిల్ మట్టం కాలిపర్ కంటే కిందే. 2 పీఎస్ఐ వాల్వు అవసరం అక్కడే. రిజర్వాయర్‌ను బానెట్ లోపల, కాలిపర్ల కంటే ఎత్తులో పెట్టి పైపు దించితే అదీ అక్కర్లేదు.

బిగించేటప్పుడు బాణం గుర్తు చక్రం వైపు ఉండాలి, తిప్పి పెడితే ఆ లైనుకు బ్రేకు అందదు. మాస్టర్‌కు దగ్గరగా, వెనక చక్రాలకు ఒత్తిడి తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వు ఉంటే దానికి ముందు పెట్టండి. పైపుల చివర్ల ఉండే ఫ్లేర్ నట్లకు టెఫ్లాన్ టేపు చుట్టించొద్దు. తునక ఊడి లోపలికి పోతే వాల్వు సరిగ్గా మూసుకోదు.

బిగించాక చక్రం జాకీ మీద లేపి, తొక్కి వదిలి, చేత్తో తిప్పండి. పట్టేస్తుంటే మాస్టరుకూ వాల్వుకూ మధ్య నట్టు కొంచెం వదులు చేయండి. చక్రం తిరిగిందా, తప్పు వాల్వుది కాదు: పెడల్ నుంచి మాస్టర్‌ను నెట్టే పుష్‌రాడ్‌కు సుమారు 1 మిల్లీమీటరు ఫ్రీ ప్లే (ఖాళీ కదలిక) ఉందో లేదో చూడండి. అప్పటికీ తిరగక, చక్రం దగ్గర గాలి తీసే బ్లీడర్ నిప్పుల్ విప్పితేనే తిరిగితే వాల్వో, లోపల ఉబ్బిన హోస్ పైపో కారణం. నిప్పుల్ విప్పినా తిరగకపోతే కాలిపర్ పిస్టన్ గానీ, కాలిపర్ జరిగే స్లైడ్ పిన్ను గానీ పట్టేసినట్టే. నట్టు గానీ, నిప్పుల్ గానీ విప్పితే ఆ లైనుకు మళ్లీ గాలి తీయాలి, కారిన ఆయిల్‌ను పెయింటు మీద ఉండనివ్వకుండా వెంటనే నీళ్లతో కడగాలి.