రోగులకు కొత్త వెర్షన్ కావాలి

ఆరోగ్య యాప్‌లు వాడేవాళ్లకు అనువుగా ఉండాలనే వాదన ఈమధ్య మరీ ముదిరింది. యాప్ కట్టేముందు రోగులతో మాట్లాడాలట, నర్సు పక్కన నిలబడి ఆమె పని చూడాలట. ఇందుకోసం ఐఎస్‌ఓ 9241-210 అని ఏకంగా ఒక అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. 2010లో రాశారు, అది చాలదన్నట్టు 2019లో సవరించారు. కానీ ఖర్చు సంగతి ఎవరూ ఎత్తరు. సాఫ్ట్‌వేర్ మార్చాలంటే కోడ్ తిరగరాయాలి, టెస్టింగ్ చేయాలి, మీటింగులు పెట్టాలి. రోగిని మార్చడానికి ఇవేవీ అక్కర్లేదు. మనిషి ఎలాగూ వచ్చి కూర్చునే ఉంటాడు.

యాప్‌కు తగిన రోగికి చీమంత అక్షరాలు చదవగల కళ్లుండాలి, వణకని వేళ్లుండాలి. ఓటీపీ వచ్చేదాకా దగ్గు ఆపుకోవాలి. జబ్బు కూడా డ్రాప్‌డౌన్ జాబితాలో ఉన్నదే తెచ్చుకోవాలి, అదీ ఒక్కటే. పుట్టినతేదీ కోసం నెలకొక నొక్కు చొప్పున వెనక్కి జరిగే క్యాలెండర్ ఇస్తే గొణుగుతారు. 70 ఏళ్ల మనిషి 840 సార్లు నొక్కాలి, నిజమే. వేళ్లకు ఫిజియోథెరపీ విడిగా రాయనక్కర్లేదు కదా!

డాక్టర్లూ తక్కువవాళ్లేం కాదు. 2019లో వెలువడిన ఒక సర్వేలో అమెరికా డాక్టర్లు తాము వాడే రోగుల ఎలక్ట్రానిక్ రికార్డులకు వాడుక సౌలభ్యంలో వందకు సగటున 45.9 మార్కులు వేశారు. అదే కొలతలో మైక్రోవేవ్ ఓవెన్‌కు 87 ఉన్నాయి. ఆడలేక మద్దెల ఓడు అనడమంటే ఇదే. డాక్టరు తమ మొహం చూడడం లేదని రోగుల బాధ. స్క్రీన్ వెనక్కి వెళ్లి నిలబడితే ఆ బాధ తీరుతుంది.

యంత్రం మీద వేసే నిందల్లో పెద్దది 2013 నాటిది. అమెరికాలో ఒక పెద్దాసుపత్రిలో పదహారేళ్ల కుర్రాడికి యాంటీబయాటిక్ మాత్ర ఒక్కటి ఇవ్వాలి. డాక్టరు 160 మిల్లీగ్రాములు అనుకుని అంకె కొట్టారు. సాఫ్ట్‌వేర్ దాన్ని కిలో బరువుకు 160 అని తీసుకుంది. మొత్తం 38న్నర మాత్రలు తేలాయి. హెచ్చరిక వచ్చింది. అయితే అది అనవసరంగా వచ్చే సవాలక్ష హెచ్చరికల్లాగే కనబడింది కాబట్టి డాక్టరూ ఫార్మసిస్టూ ఇద్దరూ దాటేశారు. రోబో మాత్రలన్నీ జాగ్రత్తగా లెక్కపెట్టి ప్యాక్ చేసింది. నర్సుకు అనుమానం వచ్చింది గానీ, బార్‌కోడ్ స్కాన్ చేస్తే అంతా సరిగ్గానే ఉందని జవాబొచ్చింది. మూర్ఛ వచ్చినా కుర్రాడు చివరికి బతికాడు.

ఇందులో సాఫ్ట్‌వేర్ చేసిన తప్పేమిటి? ఎక్కడికక్కడ చెప్పింది చెప్పినట్టు చేసింది. ఆ మోతాదును కుర్రాడి ఒళ్లు సపోర్ట్ చేయకపోవడం హార్డ్‌వేర్ సమస్య.

అన్నట్టు, హెచ్చరిక ఎలా ఉండాలో తెలియాలంటే థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రాన్ని చూడాలి. 1985-87 మధ్య అది ఆరుగురిపై మోతాదు మించి రేడియేషన్ కుమ్మరించింది, వాళ్లలో కొందరు చనిపోయారు. టెక్సాస్‌లో ప్రమాదం జరిగినప్పుడు స్క్రీన్ మీద పడింది 'మాల్‌ఫంక్షన్ 54' అన్న ముక్క ఒక్కటే. దాని భావమేమిటో ఆపరేటర్ మాన్యువల్ చెప్పదు. ఇలాంటివి రోజూ పడుతుండేసరికి 'పీ' మీట నొక్కి పని కానివ్వడం ఆపరేటర్లకు అలవాటైపోయింది. ఎంత క్లుప్తత! ఇప్పటివాళ్లు అదే సంగతికి మూడు పేరాలు రాసి, కింద 'ఓకే' ఒక్కటే పెడుతున్నారు.

ఇక యాప్‌ను వాడేవాళ్లతో పరీక్షించలేదన్న ఆరోపణ శుద్ధ అబద్ధం. ఐదుగురితో పరీక్షిస్తే చాలావరకు లోపాలు బయటపడతాయని ఈ రంగంలో పేరున్న జాకబ్ నీల్సన్ ఎప్పుడో చెప్పారు. ఆ ఐదుగురూ ఆఫీసులోనే దొరికారు: కోడ్ రాసినవాళ్లు ఇద్దరు, వాళ్ల మేనేజరు, అమ్మకాల విభాగం నుంచి ఒకరు, ఆ రోజు ఖాళీగా ఉన్న ట్రైనీ. ఎవరికీ జ్వరం లేదు. ఐదుగురికీ యాప్ చాలా బాగా నచ్చింది.