హద్దురాళ్ళు లేని మాటలు

హైదరాబాదులో చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు) గురించి పసిపిల్లలు కూడా మాట్లాడతారు. మాటల లోపలి ఆక్రమణల మీద మాత్రం ఒక్క ఫిర్యాదూ లేదు.

ల్యాబు చీటీ మీద ‘ఈసాఫగోగ్యాస్ట్రోడ్యుయోడినాస్కోపీ’ అని ఉంటుంది. నోట్లోంచి గొట్టం దించి పొట్ట లోపల చూసే పరీక్ష. అమెరికా స్పెల్లింగులో 26 అక్షరాలు. పేషెంటు ‘ఈసా’ దగ్గర మొదలెట్టి ‘స్కోపీ’లో తేలతాడు. మధ్యలో పొట్ట మొత్తం కబ్జా.

ఈ స్థలానికి సర్వేలు రెండు. అర్థం సర్వేలో 4 ప్లాట్లు: ఈసాఫగో అంటే అన్నవాహిక, గ్యాస్ట్రో అంటే జీర్ణాశయం, డ్యుయోడినో అంటే చిన్నపేగు మొదటి భాగం, స్కోపీ అంటే చూడటం. గొట్టం లోపలికి దిగే వరస కూడా అదే. ఇంత నిజాయితీగా రూటు బోర్డు రాసుకున్న సిటీ బస్సు ఉందా? చదవడం మాత్రం తోక నుంచి మొదలెట్టాలి. ముందు చేసే పని తెలుస్తుంది, తర్వాత ఎక్కడెక్కడో తెలుస్తుంది.

నోటి సర్వేలో 12 ముక్కలు: ఈ-సాఫ్-అ-గో-గ్యాస్-ట్రో-డ్యు-ఓ-డి-నాస్-కో-పీ. డ్యుయోడినమ్ అన్న పేరూ లాటిన్ ‘పన్నెండు’ నుంచే వచ్చింది, దాని పొడవు పన్నెండు వేళ్ళ వెడల్పంత అని. (కాకతాళీయమే, ముహూర్తాలు పెట్టుకోకండి.) ఊనిక, అంటే నొక్కి పలకడం, ‘నాస్’ మీద పడాలి. మనం పన్నెండింటినీ ఒకే బరువుతో పలుకుతాం. సామ్యవాదం బాగుంది, మాటే అర్థం కాదు.

ఇక మన లిపి చేసే మూడో సర్వే. ‘ఎస్టాబ్లిష్’లో ఇంగ్లిష్‌వాడికి ‘ఎస్’ ఒక ముక్క. మనకు ‘ఎ’ వేరు, ‘స్టా’ వేరు. సకారం టకారాన్ని వెంటేసుకుని పక్క అచ్చు ఇంట్లో దిగిపోతుంది. ఛందస్సు మాత్రం సంయుక్తాక్షరానికి ముందున్న ఆ ‘ఎ’ని గురువుగానే లెక్కిస్తుంది, అంటే బరువు పాత చిరునామాలోనే ఉంది. దీనివల్ల ఒక మేలూ జరిగింది. ‘నాస్-కో-పీ’ అని ఇంగ్లిష్ నాలుక ‘స్కోపీ’ అన్న గ్రీకు మాటను నడుముకి నరికితే, ‘నా-స్కో-పీ’ అని మన ఒత్తు దాన్ని నిలబెట్టింది.

ఇంగ్లిష్‌వాళ్ళు మనల్ని చూసి నవ్వక్కర్లేదు. హెలికో అంటే మెలిక, ప్టర్ అంటే రెక్క. హద్దు ‘హెలికో-ప్టర్’ దగ్గరుంది. వాళ్ళు రాయి జరిపి, ‘హెలి’ని కలుపుకుని, ఆ జాగాలో హెలిప్యాడ్ కట్టేశారు. క్రమబద్ధీకరణ కూడా అయిపోయింది.

కాబట్టి ప్రతి చీటీ మీదా అర్థం మారే చోట అడ్డగీత, ఊనిక పడే చోట చుక్క వేయించాలని డిమాండ్ చేస్తున్నాం. అందాకా ల్యాబులు ‘ఓజీడీ’ అన్న పొడి అక్షరాలతో సరిపెడుతున్నాయి, బ్రిటిష్ స్పెల్లింగు ‘ఓ’తో మొదలవుతుంది గనుక. అమెరికా పద్ధతిలో అదే ‘ఈజీడీ’. ‘అంత ఈజీనా డాక్టర్‌గారూ?’ అనడిగే పేషెంటును విసుక్కోకండి, రాత్రి నుంచి పస్తున్నాడు.