‘ఇష్యూ’ అంటే సమస్య ఒక్కటేనా?

పరకాల దిక్కు ఏ రైతునైనా అడగండి. ‘భూమి రికార్డులో ఇష్యూ ఉంది’ అంటే టెన్షన్ పడతాడు, ‘పాస్‌బుక్ ఇష్యూ అయింది’ అంటే ఊపిరి పీల్చుకుంటాడు. (భూమి రికార్డుల పోర్టల్ ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది గానీ మొదటి రకం ఇష్యూలు మాత్రం పోలేదు.) ఈ తేడా ఆయనకు ఏ మాస్టారూ నేర్పలేదు. హన్మకొండలో కోచింగ్‌కు పోయే డిగ్రీ పిల్లాడి నోట్‌బుక్‌లో మాత్రం ఇష్యూ పక్కన ఒక్కటే ఉంటుంది: సమస్య. ఇంగ్లిష్ మన పిల్లలకు కొరుకుడు పడకపోవడానికి ఈ ఒక మాటకు ఒక అర్థం చదువే కారణం.

‘ఇష్యూ లేకుండా చనిపోయాడు’ అని ఆస్తి కాగితాల్లో ఉంటే, ఏ సమస్యా లేకుండా హాయిగా పోయాడని కాదు, సంతానం లేదని. నోట్‌బుక్ అర్థంతో చదివితే వారసుల లెక్కే తప్పుతుంది! సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 14 కింద జడ్జి ఖరారు చేసే ఇష్యూలు వేరు. వాది అవునని, ప్రతివాది కాదని అన్న అంశాలవి. పత్రికకైతే ఇష్యూ అంటే సంచిక. ‘టేక్ ఇష్యూ’ అంటే ఒకరి మాటతో విభేదించడం.

ఇన్ని అర్థాలకూ మూలం ఒక్కటే. బయటికి పోవడం అనే అర్థమున్న లాటిన్ మాట ‘ఎగ్జిరె’ పాత ఫ్రెంచి మీదుగా ఇష్యూగా మారింది. సినిమా హాల్లో కనిపించే ‘ఎగ్జిట్’ కూడా ఆ ఇంటిదే. ఆఫీసు నుంచి కాగితం, ప్రెస్ నుంచి సంచిక, కడుపులోంచి బిడ్డ, వాదనల్లోంచి తేలిన అంశం. ఇది తెలిస్తే బట్టీ పట్టే పని సగం తగ్గుతుంది.

పరీక్షల్లో సిననిమ్స్ అడుగుతారు, టైమ్ తక్కువ, లిస్టే దిక్కు అంటారు కోచింగ్ వాళ్లు. ఆ బిట్లకు మార్కులు వస్తాయి, కాదనను. అదే పేపర్లో ప్యాసేజీ ఇచ్చి ఈ వాక్యంలో ఈ మాటకు అర్థమేమిటని అడిగితే లిస్టు పనికిరాదు.

అసలు గొడవ తెలుగు దగ్గరుంది. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం పెట్టారు. ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగుగా పుస్తకాలు ఇచ్చారు. మంచి ఆలోచనే. కానీ జారీ, సంచిక, సంతానం, వివాదాంశం అనే నాలుగు మాటలు తెలుగులో విడివిడిగా తెలియని పిల్లకు పక్క పేజీ ఏం సాయం చేస్తుంది? బడి పలుకుల భాష కాదు, పలుకుబడుల భాష కావాలన్నాడు మన కవి కాళోజీ. తెలుగు గురించి అన్న ఆ మాట ఇంగ్లిష్‌కూ అక్షరాలా వర్తిస్తుంది. ఏటా సెప్టెంబరు 9న ఆయన జయంతికి ఫొటోకు దండ వేసే బడిలోనే మర్నాడు వర్డ్ లిస్టు అప్పజెప్పిస్తారు.

లిస్టు పక్కన పెట్టి ఒక కోర్టు నోటీసు, ఒక పాత పేపరు క్లాసుకు తీసుకుపోండి. ఇష్యూ కనిపించిన చోటల్లా దాన్ని కొట్టేసి తెలుగు మాట రాయమనండి. ఎక్కడెక్కడ ‘సమస్య’ అతకదో పిల్లలే చెబుతారు.